సోమాలు కబురుకి వేసిన మార్కులు

ప్రమాది నామ సంవత్సరం. రోహిణి కార్తె వెళ్ళిపోతోంది, మృగశిర ఇంకా రాలేదు. ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ నీడ కోసం ఒకదాన్నొకటి నెట్టుకుంటున్న ఆ రోజుల్లోనే, అక్కడి పంచాయతీ వారు దూరపు పిలుపుల సేవ మార్చాలని తీర్మానించారు.

దూరపు పిలుపులంటే మరేం లేదు. ఆ అడవికి ఎగువన వరసగా ఆరు కొండలున్నాయి. కొండకొక కాకి ఉంది. ఆరో కొండ కాకి అరిచిన మాట ఐదో కొండ కాకి విని, నాలుగో కొండకి అరుస్తుంది. అలా మాట దిగి దిగి అడవి మొదట్లో చింతచెట్టు మీదున్న నల్లయ్య అనే ముసలి కాకికి చేరుతుంది. నల్లయ్య ఎగిరి వెళ్ళి, ఆ మాట ఎవరిదో వాళ్ళ చెవిలో వేసి, తినగా మిగిలింది ఏదన్నా ఉంటే ముక్కున పెట్టుకుని పోతాడు. తాతల నాటి నుంచీ ఇదే ఏర్పాటు.

కాకుల సేవలో రెండు లోపాలున్నాయి. అవి లేవని నేను అనను. ఒకటి, గొంతు బొంగురు. రెండు, విన్నది విన్నట్టు చెప్పి ఊరుకోవు, చివర తమ మాట కూడా ఒకటి అతికిస్తాయి.

ఈ రెండో లోపమే కొంప ముంచింది.

పంచాయతీ అధ్యక్షుడు భద్రయ్య అనే ఏనుగు. ఆ వేసవిలో ఐదో కొండ మీద ఆయన బావమరిది ఇంట పెళ్ళి. భద్రయ్య గారు పనసతోటలో ఒళ్ళు మరిచి తిని, కడుపు పాడు చేసుకుని, "ఒంట్లో బాగోలేదు, పెళ్ళికి రాలేను" అని పిలుపు పంపారు. కాకులు ఆ మాట పంపాయి. దాని వెనకే, "పదహారు పళ్ళు తిన్నాడట. పడమటి పొదల వైపు ఎవరూ వెళ్ళకండి" అని కూడా పంపాయి.

మర్నాటి నుంచి ఎవరు ఎదురైనా ఒకటే పలకరింపు. "ఇప్పుడెలా ఉందండీ?" జింకలు అడిగాయి, అడవిపందులు అడిగాయి. ఎప్పుడూ తలెత్తి చూడని తాబేలు కూడా ఆగి, మెడ చాచి, "జీలకర్ర నమలండి" అంది.

భద్రయ్య గారు కార్యదర్శిని పిలిపించారు. కార్యదర్శి ఒక ఉడుము, పేరు నరసింగరావు. ఏ నియమం పట్టుకున్నా వదలడని అతనికి పేరు. ఆ నియమం దేని కోసం పుట్టిందో మాత్రం అతనెప్పుడూ అడగలేదు.

"ఈ కాకుల్ని తీసిపారెయ్యాలి నరసింగరావూ."

"ఊరికే తీసేస్తే అన్యాయం అంటారయ్యా," అన్నాడు ఉడుము. "పోల్చి తీసేద్దాం."

"పోల్చడమంటే?"

"మరో రెండు సేవల వాళ్ళని పిలుస్తాం. అందరినీ పక్కపక్కన పెట్టి చూస్తాం. కాకులే ఓడిపోతాయి. అప్పుడు అది మనం చేసినట్టు ఉండదు, లెక్కే చేసినట్టు ఉంటుంది."

భద్రయ్య గారికి ఈ మాట జీలకర్ర కంటే బాగా పనిచేసింది.

మూడు రోజుల్లో ఇద్దరు వచ్చారు.

మొదటివి పావురాలు. వాటి నాయకుడు రొమ్ము పొంగించి, "వేగంలో మమ్మల్ని కొట్టేవాడు లేడు" అన్నాడు. ఎక్కడికి తీసుకెళ్తారని అడిగితే, "మా ఇంటికి" అన్నాడు.

"మీ ఇంటికేనా? ఇంకెక్కడికీ వెళ్ళరా?"

"మా ఇంటికి మాత్రం ఎక్కడి నుంచైనా వెళ్తాం. దీన్ని ఒకే గమ్యం పథకం అంటారు. మీరు పిలవాల్సిన వాళ్ళని మా ఇంటికి వచ్చి కూర్చోమనండి."

రెండోవి చిలకలు. వాటి తరఫున మంజుల అనే రామచిలక వచ్చింది. మెడలో ఎర్రటి గీత, మాటలో తేనె.

"అయ్యగారికి మొదటి పది పిలుపులు ఉచితం. ముఖ్యంగా మా దగ్గర శుద్ధి సౌకర్యం ఉంది. మోటు మాటలన్నీ తీసేసి, మర్యాదగా మార్చి అందిస్తాం. ఉదాహరణకి అయ్యగారి ఆరోగ్యం..."

"ఆ సంగతి మీకూ తెలిసిందా?" అన్నారు భద్రయ్య గారు.

"మా సేవలో అయితే అది 'ఉదరమున స్వల్ప అసౌకర్యము' అని వెళ్ళేది. పళ్ళ సంఖ్య వెళ్ళేది కాదు."

భద్రయ్య గారు కళ్ళు మూసుకుని ఆ నాలుగు మాటలూ ఇంకోసారి చెప్పించుకున్నారు.

ఆ వెనక మంజుల ఊపిరి తీసుకోకుండా మరో నాలుగు మాటలు గబగబా అంది. సేవ మూడో కొండ దాకానేననీ, ఆ పైన జామచెట్లు లేవు కాబట్టి చిలకలు వెళ్ళవనీ, త్వరలో వెళ్తాయనీ వాటి సారాంశం. అది ఎంత తొందరగా చెప్పిందంటే, పక్కనున్న ఉడుముకి 'త్వరలో' అన్న ముక్క ఒక్కటే వినిపించింది. అది మంచి మాటే కదా అని అతను రాసుకున్నాడు.

పోల్చడానికి ఒక నిపుణుడు కావాలి కాబట్టి ధవళరావు అనే కొంగని పెట్టారు. రోజంతా నీళ్ళ వైపు చూస్తూ ఒంటికాలి మీద నిలబడగలిగినవాడు ఏదో ఆలోచిస్తూనే ఉండాలని అడవిలో అందరి నమ్మకం. ఆ కొంగ గూడు చిలకల జామతోటలోనే ఉందన్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

ధవళరావు ఏటి ఒడ్డున తడి ఇసక మీద తన ముక్కుతో పెద్ద పట్టిక గీశాడు. అందులో పదకొండు గడులు. గొంతు తీయదనానికి ఒకటి, ఉచ్చారణకి ఒకటి, రెక్కల రంగుకి ఒకటి, సభ్యుల ముందు నిలబడే వినయానికి ఒకటి, ఇలా పోయాయి. చివరి గడి ఏమిటో కొంగకీ తెలీదు. పది అంటే బాగుండదని పదకొండోది గీశాడు.

ఉడుము ఒక నియమం చేర్చాడు. "పోలిక పూర్తయ్యే దాకా ఏ సేవా నడవకూడదు. ఒకరు నడుస్తూ, మిగతా ఇద్దరూ కూర్చుంటే, నడిచేవాళ్ళకి మేలు చేసినట్టవుతుంది."

"అంటే కాకుల్ని ఆపెయ్యాలా?" అని అడిగారు భద్రయ్య గారు, ఆ మాట ఇంకోసారి వినాలని.

"అందరినీ సమానంగా ఆపాలి. మిగతా ఇద్దరూ ఇంకా మొదలే పెట్టలేదు కాబట్టి, కాకుల్ని ఆపితే సమానం అవుతుంది."

కాకులు ఎక్కడా ఎవరికీ మాట అందించకుండా ఏటి పొడవునా నాలుగు గద్దల్ని కాపలా పెట్టారు.

* * *

ఏటి మధ్యలో ఒక లంక ఉంది. ఎండాకాలంలో అడవంతా మాడిపోయినా అక్కడ పచ్చగడ్డి ఉంటుంది. ఏటా ముత్తాలు అనే కుందేలు తన వాళ్ళందరినీ వెంటబెట్టుకుని అక్కడికి చేరుతుంది. ఆ ఏడు ముప్ఫై నాలుగు కుందేళ్ళు. అందులో సగం ఆ వేసవిలో పుట్టినవే.

లంకకీ ఒడ్డుకీ మధ్య పాయ వేసవిలో కుందేలు పొట్ట తడిసేంత లోతు. ఎగువన వాన పడితే మాత్రం ఒక్క పూటలో ఏనుగు మునుగుతుంది. ఇక్కడ మబ్బు తునక కూడా ఉండదు, నీళ్ళు మాత్రం వచ్చి పడతాయి. అంచేత లంక ఎప్పుడు వదలాలో లంకలో ఉన్నవాళ్ళకి తెలిసే దారి లేదు. ఆరో కొండ మీదున్న ముత్తాలు అక్క సోమాలుకి తెలుస్తుంది. తన వాగు ఎర్రబడగానే సోమాలు కాకిని పిలిచి తిట్లతో సహా కబురు పెడుతుంది. ఆ కబురు దిగడానికి పట్టేది కాసేపే. నీళ్ళు దిగడానికి పూట పడుతుంది. ఆ మధ్య వ్యవధిలోనే కుందేళ్ళు ఒడ్డెక్కుతాయి. పదకొండేళ్ళుగా ఇలాగే ఎక్కుతున్నాయి.

నల్లయ్య కనపడడం మానేసిన మూడో రోజున ముత్తాలు పాయ దాటి పంచాయతీకి వచ్చింది. దానికి ఎడమ చెవి సగమే ఉంటుంది. చిన్నప్పుడు ఒక దుంప దగ్గర జరిగిన గొడవలో సోమాలే కొరికేసింది.

"మా అక్క దగ్గర్నుంచి ఏమన్నా వచ్చిందా బాబూ?"

"సేవ పోలికలో ఉందమ్మా," అన్నాడు ఉడుము తల ఎత్తకుండా.

"పోలికలో ఉంటే?"

"పోలికలో ఉంటే పిలుపులు రావు."

"మరి వాన రావడం కూడా ఆపారా?"

ఉడుము తల ఎత్తాడు. "చూడమ్మా, ఇదంతా మీలాంటి వాళ్ళ కోసమే. ఇన్నాళ్ళూ మీ అక్క మాట ఆ బొంగురు గొంతులో విన్నావు. రేపట్నుంచి చిలక గొంతులో వింటావు."

"నాకు చిలక గొంతు ఎందుకు? మా అక్కది కూడా బొంగురే."

"అలవాటు అవుతుంది," అన్నాడు కొంగ, కాలు మార్చకుండా.

"మీ చిలకలు ఆరో కొండకి వెళ్తాయా అసలు?"

ఉడుము కాగితంలాంటి తన బెరడు ముక్క తీసి చూసుకున్నాడు. "త్వరలో, అని రాసి ఉంది."

ముత్తాలు వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. లంక వదిలేద్దామంటే ఒడ్డున గడ్డి లేదు, పిల్లలు పాలు వదలలేదు. ఉందామంటే కబురు లేదు. ఐదో రోజున ఉడుము, "రేపు ప్రదర్శన. రేపటితో అయిపోతుంది. మధ్యాహ్నం దాటాక రా, నువ్వూ విందువుగాని" అన్నాడు. సభకి జనం పలచగా ఉంటారని అతని దిగులు.

* * *

ఆ రేపు రానే వచ్చింది. పొద్దున్నే కమిటీ ఇసకలో కూర్చుంది. భద్రయ్య గారు చెట్టు నీడలో, ధవళరావు నీళ్ళ అంచున, నరసింగరావు పట్టిక పక్కన. కాకులు ప్రదర్శనకి రామన్నాయి. "ఇన్నేళ్ళూ మేం చేసిందేమిటి మరి?" అని నల్లయ్య ముందే తెగేసి చెప్పాడు.

పొద్దు బారెడెక్కేసరికి నల్లయ్యే రెక్కలు కొట్టుకుంటూ వచ్చి పడ్డాడు. లంక వైపు వెళ్ళబోతే రెండు గద్దలు తరిమాయి. తోకలో రెండు ఈకలు పోయాయి.

"ముత్తాలుకి కబురు! అవతలికి పోనివ్వండి!"

"ఇది నియమ విరుద్ధమైన పిలుపు," అన్నాడు ఉడుము. తర్వాత కొంచెం ఆలోచించాడు. "అయినా ఇవాళ ప్రదర్శన రోజు కాబట్టి దీన్ని నీ ప్రదర్శన కింద తీసుకుంటాం. కానియ్యి. దూరం నుంచి చెప్పాలి. అక్కడికి వెళ్ళి నిలబడు."

"ఎంత దూరం?"

"నలభై అడుగులు. దూరపు పిలుపు కదా."

నల్లయ్య నలభై అడుగులు వెళ్ళలేదు. ఉన్న చోటే నోరు తెరిచాడు. సోమాలు అన్నది అన్నట్టే అరిచాడు.

"ఒలే చెవితెగినదానా! ఇక్కడ రెండ్రోజులుగా కుండపోత. మా వాగు ఎర్రగా తిరిగింది. ఆ గడ్డి నమలడం ఆపి పిల్లాజెల్లాని ఒడ్డెక్కించు. పొద్దు వాలేసరికి నీళ్ళు నీ పీక మీదుంటాయి. ఎక్కకపోయావో, నేనే దిగొచ్చి ఆ రెండో చెవి కూడా కొరుకుతాను!" అని, అలవాటు కొద్దీ, "ఏడుస్తూ చెప్పిందట" అని అతికించాడు.



"గొంతుకి రెండు," అన్నాడు ధవళరావు పట్టిక మీద ముక్కు ఆనించి. "ఉచ్చారణకి మూడు. మర్యాదకి సున్నా. చివర సొంత మాట కలిపినందుకు ఒకటి తీసేస్తున్నాను."

భద్రయ్య గారు మాత్రం తొండం గోక్కున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. మంచివాడని కూడా చెప్పలేం. "నరసింగరావూ, వాడు చెప్పింది నిజమేనంటావా? నీళ్ళొస్తున్నాయా?"

ఉడుము పట్టిక ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచి చూశాడు. "అయ్యా, పదకొండు గడులున్నాయి. నిజమా కాదా అనే గడి లేదు."

"ఒకటి గీస్తే?"

"ప్రదర్శన మొదలయ్యాక గడి చేర్చడం అన్యాయం అయ్యా. కావాలంటే వచ్చేసారి పోలికలో చేరుద్దాం."

భద్రయ్య గారు మబ్బుల కోసం పైకి చూశారు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. ఆయన మనసు కుదుటపడింది.

"నా మార్కులు మీరే ఉంచుకోండి," అన్నాడు నల్లయ్య. "నన్ను లంకకి పోనివ్వండి. ఒక్క మాట. చెప్పేసి వచ్చేస్తాను. తర్వాత ఈకలన్నీ పీక్కోండి."

"కుదరదు. ఒకరి ప్రదర్శన ఇంకొకరు వినకూడదని కూడా నియమం ఉంది. మిగతా ఇద్దరిదీ అయ్యే దాకా నువ్వు వినపడని చోట ఉండాలి."

గద్దలు నల్లయ్యని తీసుకెళ్ళి, ఏటికి దూరంగా ఉన్న ఒక ఎండు మద్దిచెట్టు తొర్రలోకి తోసి, తొర్రకి అడ్డంగా కూర్చున్నాయి.

అప్పుడు ఉడుముకి ఇంకో న్యాయమైన ఆలోచన వచ్చింది. "ముగ్గురూ మూడు రకాల మాటలు చెబితే పోల్చడం ఎలా? అందరికీ ఒకే పాఠం ఇవ్వాలి. ఇప్పుడు కాకి చెప్పిందే పాఠం అనుకుందాం."

"భేష్," అన్నాడు ధవళరావు.

పావురానికి ఆ పాఠం చెప్పి, "ఊఁ, వినిపించు" అన్నారు. పావురం రివ్వున లేచింది. చాలా వేగంగా తన ఇంటికి వెళ్ళిపోయింది. కమిటీ చాలాసేపు ఎదురుచూసింది. తిరిగి రాలేదు. వేగానికి పదీ వేశారు.

ఈలోగా భద్రయ్య గారికి ఆకలయింది. వెలగపళ్ళు వచ్చాయి. అధ్యక్షుడు తింటుండగా ప్రదర్శన జరిపితే ఆయన దృష్టి పంచుకున్నట్టవుతుందని ఉడుము అందర్నీ ఆపాడు. కొంగ రెండు చేపలు పట్టుకున్నాడు. నీళ్ళు కాస్త చల్లగా ఉన్నాయని, చేపలు తొందర తొందరగా కిందికి పోతున్నాయని, ఇవాళ వేట సులువుగా ఉందని అతను సంతోషించాడు.

* * *

మధ్యాహ్నం దాటాక ముత్తాలు పాయ దాటి వచ్చింది. రోజూ పొట్ట తడిసే చోట ఇవాళ మెడ కింద దాకా తడిసింది. అదే అంది.

"పాయ కొంచెం పెరిగినట్టుంది బాబూ."

"కూర్చో కూర్చో. సరిగ్గా వేళకి వచ్చావు," అన్నాడు ఉడుము.

మంజుల నలభై అడుగుల అవతల ఒక కొమ్మ మీద కుదురుకుంది. రెక్కలు సర్దుకుంది. తల ఒక పక్కకి వంచి మొదలుపెట్టింది.

"ప్రియమైన సోదరీ! ఇచ్చట రెండు దినములుగా వర్షములు సమృద్ధిగా కురియుచున్నవి. మా వాగు అరుణవర్ణముతో శోభిల్లుచున్నది. తమరు భోజనము ముగించుకొని, సపరివారముగా తీరమునకు విచ్చేయ ప్రార్థన. సాయంసమయమునకు జలములు తమ కంఠసీమను అలంకరింపగలవు. తమ కర్ణములు క్షేమమని తలంచుచున్నాను."

భద్రయ్య గారి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. "ఆహా! అదే మాట! పొద్దున విన్నదే! ఎంత తేడా!"

"గొంతుకి పది," అన్నాడు ధవళరావు. "మర్యాదకి పది. ఉచ్చారణకి పది సరిపోదు."

ముత్తాలు ఎందుకో తన సగం చెవి తడుముకుంది. కర్ణములంటే చెవులని దానికి తెలుసు.

"బాబూ, ఇది ఎవరికి వచ్చిన కబురు?"

"ఎవరికీ కాదు. నమూనా పాఠం."

"నాక్కాదు కదా?"

ఉడుము నవ్వాడు. "ఏమ్మా, మీ అక్క ఎప్పుడన్నా నిన్ను తమరు అని పిలిచిందా?"

ముత్తాలు ఆలోచించింది. పుట్టిన దగ్గర్నుంచి అక్క తనని పిలిచిన పిలుపులన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. వాటిల్లో ఒక్కటి కూడా నలుగురిలో చెప్పుకునేది కాదు.

"లేదు బాబూ," అంది. "మా అక్కయితే ఇలా మాట్లాడదు."

"మరి? ఇంకోసారి విందాం, కూర్చో. అయ్యగారు అడుగుతున్నారు."

మంజుల రెండోసారి చెప్పింది. 'కంఠసీమను అలంకరింపగలవు' దగ్గర ఈసారి చిన్న రాగం తీసింది. భద్రయ్య గారు మూడోసారి అడిగారు. మూడోసారి చెప్పింది. అందరూ మెచ్చుకుంటుంటే ఒక్కతే ఊరుకుంటే బాగుండదని ముత్తాలు కూడా నేల మీద రెండుసార్లు కాలు తట్టింది.

ఆ తర్వాత మార్కులు కూడడం. పదకొండో గడి దేనికో తేలక కొంతసేపు వాదన జరిగింది. చివరికి చిలకకి అందులోనూ పది వేశారు. కాకులు ఓడిపోయాయని, చిలకలు గెలిచాయని ఉడుము ప్రకటించాడు.

"ప్రదర్శనలు ముగిశాయి. కాకిని వదలండి. ఫలితం విని సంతకం పెట్టి వెళ్ళమనండి."

నల్లయ్య తొర్రలోంచి బాణంలా వచ్చాడు. సంతకం దగ్గర ఆగలేదు. ఇసకలో కూర్చున్న ముత్తాలుని చూసి కిందికి పడ్డట్టు వాలాడు.

"ఒలే చెవితెగినదానా! ఇక్కడేం చేస్తున్నావే!"

ఆ పిలుపు విన్నాక ముత్తాలుకి మిగతాది చెప్పక్కర్లేకపోయింది. లేచింది. "ఎప్పుడు?" అంది.

"పొద్దున! పొద్దున్నే వచ్చింది! వీళ్ళకి చెప్పాను!"

ముత్తాలు కమిటీ వైపు తిరిగింది. చిలకని చూసింది. కొంగని చూసింది. "అయితే అది నాదేనా?" అంది. "మూడుసార్లు విన్నానే. కాలు కూడా తట్టానే."

ఎవరూ జవాబు చెప్పేలోగా అది పాయ వైపు దూకింది.

నీళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. ఎగువ నుంచి ఒక చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు విని ముందు గద్దలు లేచిపోయాయి, తర్వాత మంజుల. కొంగ రెండో కాలు కూడా కింద పెట్టాడు. నీళ్ళు ఇసక మీదికి ఎక్కి, ఒక్కో గడీ తుడుచుకుంటూ, పదకొండో గడి దాకా వచ్చాయి. భద్రయ్య గారు గట్టెక్కారు. ఆయన తోక పట్టుకుని నరసింగరావు ఎక్కాడు. ఆ పట్టు మాత్రం చాలా గట్టి పట్టని చూసినవాళ్ళంతా ఒప్పుకున్నారు.

నల్లయ్య లంక మీద ఎగురుతూ గొంతు చించుకుని అరిచాడు. ఎటు పరిగెత్తాలో, ఏ కొమ్మ కొట్టుకొస్తోందో, ఎక్కడ నేల ఇంకా తేలి ఉందో పై నుంచి చెప్పాడు. ఏటి హోరులో చిలక గొంతు వినపడేది కాదు. ఆ బొంగురు గొంతు వినపడింది.

పొద్దు వాలింది. లంక కనపడలేదు.

* * *

నాలుగో రోజున పంచాయతీ మెరక మీద కూడింది. మొదట సంతాపం ప్రకటించారు. ఆ సంతాపాన్ని చిలకల ద్వారా సోమాలుకి పంపారు. కొత్త సేవలో అదే మొదటి పిలుపు, కాబట్టి ఉచితం. చిలక మూడో కొండ దాకా వెళ్ళి, అక్కడ జామకాయలు తిని, వెనక్కి వచ్చింది.

తర్వాత ఉడుము లేచాడు. "పట్టిక కొట్టుకుపోయింది. రికార్డు లేని ఎంపిక చెల్లదు. అంచేత పోలిక మొదటి నుంచి మళ్ళీ జరపాలి. అంతవరకు..."

"ఏ సేవా నడవకూడదు," అన్నారు అందరూ. వాళ్ళకి నియమం కంఠతా వచ్చేసింది.

"నమూనా పాఠం మాత్రం అదే ఉంచండి," అన్నారు భద్రయ్య గారు. "హృదయాన్ని బాగా తాకింది."

ధవళరావుని మళ్ళీ నిపుణుడిగా పెట్టారు. ఈసారి పట్టిక గట్టు మీద గీయమన్నారు. నిజమా కాదా అనే గడి చేర్చే విషయం చర్చకి వచ్చింది. దానికి ఎన్ని మార్కులుండాలో తేలక వాయిదా పడింది.

కథకి నీతి కావాలనే వాళ్ళు ఇది రాసుకోండి: ఎవరైనా పరిగెత్తుకుంటూ వచ్చి కబురు చెబితే, తొందరపడకుండా ముందు వాళ్ళ గొంతుకి మార్కులు వెయ్యండి.

ఆ సాయంత్రం నల్లయ్య, గద్దలు లేని దారి చూసుకుని, మెరక వెనకాల పొద దగ్గర వాలాడు. ముత్తాలు అక్కడుంది.

"అక్క అడుగుతోందే. ఒడ్డెక్కావా లేదా అని రోజూ అడుగుతోంది. ఏం చెప్పమంటావు?"

ముత్తాలు పొదలో మిగిలినవాళ్ళని ఇంకోసారి లెక్కపెట్టింది. తర్వాత చెప్పింది. నల్లయ్య ఆ మాట మొదటి కొండకి అరిచాడు. ఆరు కొండల కాకులూ దాన్ని ఉన్నదున్నట్టు పైకి పంపాయి. తమ మాట ఒక్కటి కూడా కలపలేదు.

ముప్ఫై నాలుగులో తొమ్మిది.